నీళ్లలో ఎవరి మాట నమ్మాలి?

కల్వకుర్తి నుంచి సముద్రానికి గీత గీసినట్టు పోయినా 200 కిలోమీటర్ల పైమాటే. మా తరానికి నీళ్లంటే చెరువు, మోటబావి, ఆ తర్వాత బోరు. ఇప్పుడు మన పిల్లలు సెలవులు దొరికితే విశాఖ, గోవా, అండమాన్ దాకా పోతున్నారు. రెండు మూడు కుటుంబాలు కలిసి సొంతంగా ఒక పడవ మాట్లాడుకుంటున్నారు. కళ్లకు అద్దాల తొడుగు, నోట్లో గొట్టం పెట్టుకుని, నీళ్ల మీద బోర్లా తేలుతూ చేపల్ని చూసి వస్తున్నారు. కొన్నిచోట్ల చేతికి నీటి స్కూటర్ కూడా ఇస్తారు. మీట నొక్కితే చాలు, అదే లాక్కుపోతుంది.

"తాతా, నీళ్లల్ల మోటరు ఎట్ల తిరుగుతది? షాక్ కొట్టదా?" అని మనవరాలు అడిగింది. మంచి ప్రశ్న. దానికి జవాబు మన చేనులోనే ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం. చివరికి మాత్రం ఒక ముఖ్యమైన సంగతి దగ్గరికి చేరాలి. నీళ్లలో దిగిన మనిషికి తన ఒంట్లోవే కొన్ని అబద్ధం చెబుతాయి, కొన్ని నిజం చెబుతాయి. ఏది ఎటువంటిదో తెలిసినవాళ్లు క్షేమంగా గట్టెక్కుతారు.

చేనులో మోటారు, సముద్రంలో మోటారు

మన దగ్గర బోరులో వందల అడుగుల కింద మోటారు దిగి ఉంటుంది. ఏళ్ల తరబడి నీళ్లలోనే తిరుగుతుంది. కాలిపోయిన మోటారును పైకి తీసి వైండింగ్ షాపుకు తెచ్చినప్పుడు పక్కన నిలబడి చూడండి. గట్టు మీది మోటారులో రాగి తీగకు సన్నని వార్నిష్ పూత ఉంటుంది. బోరు మోటారు తీగకు మందమైన ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. తిరిగి దింపేముందు మెకానిక్ దాని లోపల శుభ్రమైన నీళ్లు నింపుతాడు. ఆ నీళ్లే లోపలి వేడిని లాగేస్తాయి, బేరింగులకు నూనె చేసే పని చేస్తాయి. బోరు ఎండిపోయి మోటారు ఉత్తగా తిరిగితేనే దానికి ముప్పు.

అన్ని మోటార్లూ అట్లా ఉండవు. శ్రీశైలం జలాశయం నుంచి మన వైపు కృష్ణా నీళ్లు తెచ్చే మహాత్మాగాంధీ కల్వకుర్తి ఎత్తిపోతల పథకంలో ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు అని మూడు చోట్ల నీళ్లను ఎత్తిపోస్తారు. అక్కడ ఒక్కో మోటారు 30 మెగావాట్లు, అంటే 40 వేల హార్స్‌పవర్. 2020 అక్టోబరులో ఎల్లూరు పంపుహౌసులోకి నీళ్లు పొంగి ఆ మోటార్లు మునిగిపోయాయి, పంపింగ్ ఆగిపోయింది. 40 వేల గుర్రాల బలం ఉన్నా వాటిని పొడి గదిలో తిరగడానికి చేశారు. చేనులోని 5 హార్స్‌పవర్ మోటారును నీళ్లలో తిరగడానికే చేశారు. నీళ్లలో నిలవాలంటే బలం కంటే తయారీ ముఖ్యం. మనిషికీ ఇదే వర్తిస్తుంది.

ఇక నీటి స్కూటర్. దీనికి చక్రాలు, సీటు ఉండవు. రెండు చేతులా పట్టుకునే పిడులు, వాటికి మీటలు, వెనక జాలీ గూడులో తిరిగే పంకా, ముందు భాగంలో బ్యాటరీ. మీట వదిలితే ఆగిపోతుంది. ఇంట్లో కరెంటు 230 వోల్టులు. ఈ బ్యాటరీ పదుల వోల్టుల్లోనే ఉంటుంది. పైగా నీళ్లు తగలకుండా గట్టి డబ్బాలో బిగించి ఉంటుంది. ఆ బిగింపు మొత్తం ఆధారపడేది ఒక సన్నని రబ్బరు వలయం మీద. మూత అంచున గాడిలో కూర్చునే ఆ వలయానికి పల్చగా గ్రీజు రాస్తారు. దాని మీద ఒక్క ఇసుక రేణువు, ఒక్క వెంట్రుక పడినా చాలు, ఆ సందు నుంచి ఉప్పునీరు లోపలికి పాకుతుంది. అందుకే పని తెలిసిన పడవవాడు మూత బిగించే ముందు ఆ వలయం చుట్టూ వేలితో తడిమి చూస్తాడు. అద్దెకు తీసుకునేటప్పుడు అతని చేతుల్నే గమనించండి. తడిమి చూసేవాడి దగ్గర యంత్రాన్ని తీసుకోవచ్చు.

ఇది ముందుకెట్లా పోతుంది? బోరు మోటారు నీళ్లను పైకి తోస్తుంది. తాను పైపుకు బిగించి ఉంది కాబట్టి కదలదు, నీళ్లే కదులుతాయి. స్కూటర్‌ను దేనికీ బిగించలేదు. అది నీళ్లను వెనక్కి తోస్తే నీళ్లు దాన్ని ముందుకు తోస్తాయి. చర్యకు సమానమైన ప్రతిచర్య అని న్యూటన్ 1687లో అచ్చు వేయించిన సూత్రం ఇదే. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ సైనికులు ఇటువంటి యంత్రాల మీద కూర్చునే నీళ్ల అడుగున పోయి, 1941 డిసెంబరులో అలెగ్జాండ్రియా రేవులో ఉన్న రెండు బ్రిటిష్ యుద్ధనౌకలను దెబ్బతీశారు. నాటి యుద్ధయంత్రం నేడు పిల్లల చేతికి వచ్చింది.

వేగం అడిగే ఖరీదు

సరదాకు ఇచ్చే స్కూటర్లు గంటకు నాలుగైదు కిలోమీటర్లు పోతాయి. మనం బజారుకు నడిచిపోయే వేగం అంతే. ఇంతేనా అనుకోకండి. 100 మీటర్ల ఈతలో ప్రపంచంలోనే మేటి ఈతగాళ్లు గంటకు ఏడెనిమిది కిలోమీటర్లకు మించరు. మామూలు మనిషి కాళ్లకు రెక్కలు తొడుక్కున్నా రెండు, మూడు కిలోమీటర్లే.

ఎందుకంటే నీళ్లు గాలికంటే దాదాపు 800 రెట్లు బరువు. దారిలో ఉన్న ఆ బరువునంతా పక్కకు జరుపుకుంటూ పోవాలి. వేగం రెట్టింపు చేస్తే నీళ్ల అడ్డు నాలుగు రెట్లవుతుంది. ఖర్చయ్యే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. అంటే గంట సేపు వచ్చే బ్యాటరీ ఏడున్నర నిమిషాలకే అయిపోతుంది, పోయే దూరం నాలుగో వంతుకు పడిపోతుంది. తొందరపడినవాడు దగ్గర్లోనే ఆగిపోతాడు, మెల్లగా పోయినవాడు దూరం చూసి వస్తాడు. ఈ లెక్కను మనసులో పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

తేలడం

సోమశిల దగ్గర కృష్ణలో జాలర్ల పుట్టిని చూసే ఉంటారు. వెదురు బద్దలు గంపగా అల్లి, నీళ్లు రాకుండా అడుగున తొడుగు వేస్తారు. ఒక మనిషి తలమీద బోర్లించుకుని మోసుకుపోగలిగే పుట్టి ముగ్గురు నలుగుర్ని మోస్తుంది. ఆర్కిమెడిస్ చెప్పింది ఇదే: తేలే వస్తువు తన బరువుకు సమానమైన నీళ్లను పక్కకు తోస్తుంది. పుట్టి, మనుషులు, వలలు కలిపి 400 కిలోలైతే, అది 400 లీటర్ల నీళ్లను తోసేదాకా దిగి అక్కడ ఆగుతుంది. సముద్రపు నీళ్లు ఉప్పు వల్ల లీటరుకు 25 గ్రాములు ఎక్కువ తూగుతాయి. అదే పుట్టిని అక్కడ వేస్తే 390 లీటర్లు తోస్తే చాలు. కొద్దిగా పైకి తేలుతుంది. మనమూ అంతే. గుండెల నిండా గాలి పీలిస్తే మన ఒళ్లు నీళ్ల కంటే రవ్వంత తేలిక, గాలంతా వదిలేస్తే రవ్వంత బరువు.

రవ్వంత తేడాయే కాబట్టి మనిషిని తేల్చడానికి పెద్ద సాయం అక్కర్లేదు. పాత రోజుల్లో బావిలో ఈత నేర్పేటప్పుడు వీపుకు బెండు గానీ, ఎండిన ఆనపకాయ బుర్ర గానీ, ఖాళీ డబ్బా గానీ కట్టి దింపేవాళ్లు. లైఫ్ జాకెట్ చేసేదీ అదే. ఒక్క భేదం, అది ఛాతీని, మెడను పట్టి ముఖాన్ని పైకి ఉంచుతుంది. బెల్టులు బిగించకపోతే మాత్రం నీళ్లలో దూకగానే అది పైకి జారి చెవుల దగ్గరికి వస్తుంది, మనిషి కిందనే ఉంటాడు. భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడండి. గడ్డం దాటి పైకి రాకుండా ఉంటే సరిగ్గా బిగిసినట్టు.

పడవ విషయంలో తేలడం ఒక్కటే చాలదు, నిలకడ కూడా కావాలి. మనుషులు కూర్చుంటే బరువు కిందికి ఉంటుంది. అందరూ లేచి ఫోటో కోసం ఒకే పక్కకు జరిగితే బరువు పైకి, పక్కకు పోతుంది, పడవ ఒరుగుతుంది. మన వైపే మంచాలకట్ట దగ్గర కృష్ణలో 2007 జనవరిలో పడవ మునిగి దాదాపు 60 మంది పోయారు. గోదావరిలో కచ్చులూరు దగ్గర 2019 సెప్టెంబరు 15న, వరద మీద ఉన్న నదిలోకి పాపికొండల వైపు 77 మందితో పోయిన పడవ మునిగింది. 26 మంది బయటపడ్డారు. ఊరివాళ్లు తమ పడవల్లో పరుగున పోయి కాపాడారు. పడవ 200 అడుగుల లోతున ఉందని అప్పుడు అంచనా వేశారు. ఆ సుడిలో, ఆ బురదనీటిలో డైవర్లు పని చేయలేకపోయారు. చివరికి కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, తాళ్లతో వెతికి పట్టి అక్టోబరు 22న దాన్ని పైకి తీసింది. పడవ మాట్లాడుకునే ప్రతి పెద్దమనిషీ ఈ రెండు పేర్లను తలచుకోవాలి. నది పోటు మీద ఉన్నప్పుడు డబ్బు కట్టామని ఎక్కకూడదు.

కన్ను, చెవి చెప్పే అబద్ధం

బావిలో మునిగి కళ్లు తెరిస్తే అంతా మసక. ఎందుకో తెలుసా? కంటి ముందున్న నల్లగుడ్డు మీది పారదర్శక పొరే వెలుగును ఎక్కువగా వంచి బొమ్మ కడుతుంది. గాలి నుంచి ఆ పొరలోకి వచ్చేటప్పుడు వెలుగు బాగా వంగుతుంది. నీళ్లకూ ఆ పొరకూ పెద్ద తేడా లేదు కాబట్టి నీళ్లలో అది వంగదు. చేపకు ఆ ఇబ్బంది లేదు. ఈసారి ఇంట్లో చేపల పులుసు వండినప్పుడు చేప కన్ను విప్పి చూడండి. లోపల గట్టిపడ్డ తెల్లటి పూస ఒకటి దొరుకుతుంది, నిండు గుండ్రంగా ఉంటుంది. అదే దాని కటకం. మన కటకం చపటగా ఉంటుంది. నీళ్లలో చూపు కోసం చేప కన్ను అంత గుండ్రంగా తయారైంది.

మనం ఏం చేశాం? కంటి ముందు కాస్త గాలిని పట్టుకుపోయాం. అద్దాల తొడుగు పని అంతే. అయితే ఆ గాలికీ బయటి నీళ్లకూ మధ్య వెలుగు మళ్లీ వంగుతుంది కాబట్టి, ప్రతిదీ మూడో వంతు పెద్దగా, నాలుగో వంతు దగ్గరగా కనిపిస్తుంది. నాలుగు అడుగుల దూరంలో ఉన్న రాయి మూడు అడుగుల్లో ఉన్నట్టు అనిపిస్తుంది. గట్టు మీద నిలబడి కుంటలోకి చూసినా ఇదే మోసం: నాలుగు అడుగుల లోతు మూడడుగులుగా కనబడుతుంది. తేట నీళ్లను చూసి లోతు అంచనా వేసి దిగిన పిల్లలకు అడుగు అందదు.

రంగులూ అంతే. నీళ్లు ముందు ఎరుపును మింగేస్తాయి. లోతుకు పోతున్నకొద్దీ ఎర్ర చొక్కా గోధుమరంగుకు, ఆపై నలుపుకు తిరుగుతుంది. నీలం చివరిదాకా నిలుస్తుంది.

చెవి మోసం ఇంకా పెద్దది. గాలిలో శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతే, నీళ్లలో దాదాపు 1,500 మీటర్లు పోతుంది. శబ్దం ఎటునుంచి వచ్చిందో మనకు తెలిసేది అది ఒక చెవికి ముందు, రెండో చెవికి కాస్త తర్వాత చేరడం వల్ల. నీళ్లలో ఆ తేడా నాలుగో వంతు కంటే తక్కువకు పడిపోతుంది, మెదడు పోల్చలేదు. పడవ ఇంజను మోత తల చుట్టూ అన్నివైపులా వినబడుతుంది, ఎటునుంచో తెలియదు. కాబట్టి మోత వినబడితే ఉన్నచోటే ఆగి, తల ఎత్తి చుట్టూ చూడాలి. అడుగు నుంచి పైకి వచ్చేటప్పుడు ఒక చెయ్యి పైకి చాచి రావాలి. మీ వాళ్లు నీళ్లలో ఉన్నంతసేపు పడవ ఇంజను ఆగే ఉండాలని ముందే మాట తీసుకోండి.

గొట్టం ఎందుకు పొట్టిది?

భారతంలో దుర్యోధనుడు జలస్తంభన విద్యతో మడుగులో దాక్కున్నాడు కదా, మనం ఒక పొడుగాటి గొట్టం పెట్టుకుని అడుగున కూర్చోకూడదా అని పిల్లలు అడుగుతారు. కుదరదు. దానికి రెండు కారణాలున్నాయి.

మనం ఒక్కసారి పీల్చే గాలి మామూలుగా 500 మిల్లీలీటర్లు. అందులో 150 దాకా గొంతులో, శ్వాసనాళాల్లోనే ఉండిపోతుంది, ఊపిరితిత్తుల లోపలికి చేరదు. 40 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న గొట్టంలో ఇంకో 125 మిల్లీలీటర్లు పడుతుంది. అంటే కొత్తగాలి అందేది 225 మిల్లీలీటర్లే. గొట్టం మీటరు పొడవుంటే అందులోనే 314 పడుతుంది, కొత్తగాలి 36 మిల్లీలీటర్లకు పడిపోతుంది. వదిలిన గాలినే మళ్లీ పీల్చుకోవడం అవుతుంది. గొట్టంతో మెల్లగా, నిండుగా ఊపిరి తీయమని చెప్పేది ఇందుకే.

రెండోది నీళ్ల బరువు. మీటరు లోతున ప్రతి చదరపు సెంటీమీటరు మీద 100 గ్రాములు అదనంగా పడుతుంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఛాతీ మీద లెక్కేస్తే 90 కిలోల దాకా అవుతుంది. గొట్టం ద్వారా లోపలికి వచ్చేది పైనున్న మామూలు గాలి, దానికి ఎదురు నిలిచే ఒత్తిడి లేదు. అంత బరువును ఎత్తుతూ ఊపిరి పీల్చడం ఎవరివల్లా కాదు. లోతుకు పోవాలంటే ఆ లోతుకు తగిన ఒత్తిడితో గాలిని అందించాలి. ఆ పరికరాన్ని 1943లో ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ తయారుచేశారు. రుషికొండ దగ్గర స్కూబా నేర్పేవాళ్లు వీపుకు కట్టే సిలిండర్ ఆ కోవలోదే. దానికి శిక్షణ వేరు, నియమాలు వేరు.

నిజం చెప్పే మూడు

కన్నూ చెవీ తప్పు చెబుతాయన్నాను. ఇక నమ్మదగినవి మూడున్నాయి: చెవి నొప్పి, ఊపిరాడని బాధ, అలుపు.

మోటబావిలో ఆడుకున్నవాళ్లకు తెలుసు. అడుగుకు పోయి గుప్పెడు మన్ను తెచ్చి చూపిస్తేనే గెలిచినట్టు. మూడు మీటర్లు దిగేసరికి చెవిలో పోటు మొదలయ్యేది. అక్కడ కర్ణభేరి మీద దాదాపు 180 గ్రాముల బరువు పడుతుంది. అంత పల్చని పొరకు అది చాలా ఎక్కువ. ముక్కు మూసి మెల్లగా గాలి ఊదితే గొంతు నుంచి చెవి లోపలికి ఉన్న సన్నని దారి తెరుచుకుని రెండువైపులా ఒత్తిడి సమానమవుతుంది. అందుకే డైవింగ్ తొడుగులో ముక్కు కూడా ఉంటుంది. కళ్లకు మాత్రమే పెట్టుకునే ఈత అద్దాలతో లోతుకు పోకూడదు. ఈదుతూ దిగేవాడికి చెవి సర్దుకునే వ్యవధి ఉంటుంది. స్కూటర్ ముక్కు కిందికి వంచితే రెండు మూడు సెకన్లలోనే మూడు మీటర్లు లాక్కుపోతుంది. పోటు తెలిసేసరికి ఆలస్యం అవుతుంది. కాబట్టి పిల్లలు స్కూటర్‌ను పైపైనే, నీళ్లకు సమాంతరంగా నడపాలి. జలుబు ఉన్నరోజు అసలు మునగకూడదు, ఆ సన్నని దారి మూసుకుపోయి ఉంటుంది.

రెండోది ఊపిరాడని బాధ. ఊపిరి బిగబట్టినప్పుడు ఇక ఆగలేను అనిపించేది ఆక్సిజన్ తగ్గినందుకని చాలామంది అనుకుంటారు. నిజానికి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగినందుకు మెదడు మోగించే గంట అది. కొందరు కుర్రాళ్లు ఎక్కువసేపు మునగాలని ముందుగా గబగబా పది ఇరవై సార్లు ఊపిరి తీస్తారు. దానివల్ల ఆక్సిజన్ పెరగదు, రక్తం అప్పటికే దానితో నిండి ఉంది. కార్బన్ డయాక్సైడ్ మాత్రం తగ్గిపోతుంది. గంట మోగడం ఆలస్యమవుతుంది, ఆలోగా ఆక్సిజన్ అయిపోతుంది. పైకి వస్తుండగానే, గట్టు రెండడుగుల్లో ఉండగానే స్పృహ తప్పుతుంది. అరుపూ ఉండదు, కాళ్లు చేతులు కొట్టుకోవడమూ ఉండదు. బాగా ఈత వచ్చినవాళ్లే ఎక్కువగా ఇట్లా పోతారు. పందేలు వద్దు బిడ్డా. ఒకరు మునిగితే ఒకరు పైన ఉండి చూడాలి.

మూడోది అలుపు. చేతులతో ఈదేవాడికి భుజాలు లాగడం మొదలుకాగానే దూరం వచ్చానని తెలుస్తుంది, వెనక్కి తిరుగుతాడు. స్కూటర్ పట్టుకున్నవాడికి ఆ కబురు అందదు. ఒళ్లు హాయిగానే ఉంటుంది, పడవ మాత్రం చుక్కంత అయిపోతుంది. యంత్రం మనకు చేసే ఉపకారంలోనే ఉన్న ప్రమాదం ఇది. అలుపు చెప్పాల్సిన మాటను ఇక్కడ లెక్క చెప్పాలి.

తిరిగి వచ్చే లెక్క

స్కూటర్ గంటకు నాలుగున్నర కిలోమీటర్లు పోతుందనుకుందాం. సముద్రంలో గంటకు కిలోమీటరు వేగంతో ప్రవాహం ఉందనుకుందాం. ప్రవాహం వెంట 20 నిమిషాలు పోతే, 1,800 మీటర్లకు పైగా దూరం పోతాం. తిరుగుదారిలో అది ఎదురు కాబట్టి అదే దూరానికి 31 నిమిషాలు పడుతుంది. అక్కడే బ్యాటరీ ఆగిపోతే? గంటకు రెండు కిలోమీటర్లు ఈదేవాడికి ఎదురు ప్రవాహంలో మిగిలేది ఒక్క కిలోమీటరే. గట్టెక్కడానికి దాదాపు గంటా యాభై నిమిషాలు పడుతుంది. అంతసేపు ఎంతమంది ఈదగలరు?

అందుకే రెండు నియమాలు. మొదట ప్రవాహానికి ఎదురుగా పోవాలి, తిరిగి వచ్చేటప్పుడు అదే మోసుకొస్తుంది. బ్యాటరీని మూడు వాటాలు చేసుకోవాలి: ఒకటి పోవడానికి, ఒకటి రావడానికి, ఒకటి ముట్టుకోకుండా దాచడానికి. ఇంకోటి కూడా ఉంది: స్కూటర్ చేతిలో లేకపోయినా ఈది తిరిగి రాగలిగినంత దూరమే పోవాలి. చున్నీలు, వేలాడే తాళ్లు, విరబోసిన జడలు పంకా దగ్గరికి రాకూడదు.

పడవ ఎక్కేటప్పుడు, కదిలేముందు తలలు లెక్కపెట్టే పని ఒకరికి అప్పగించండి. 1998 జనవరిలో ఆస్ట్రేలియా పగడపు దిబ్బల దగ్గర తలల లెక్క తప్పి ఇద్దరు డైవర్లను సముద్రంలోనే వదిలేసి పడవ ఒడ్డుకు వచ్చేసింది. వాళ్లు మళ్లీ దొరకలేదు.

అయితే మన సోమశిలలోనే ఈ ఆట ఆడుకోవచ్చు కదా? వద్దు. అక్కడ పడవ షికారు చేయండి, నల్లమల కొండల మధ్య కృష్ణను కళ్లారా చూడండి. మునగడానికి మాత్రం అది చోటు కాదు. శ్రీశైలం జలాశయం నిండితే 885 అడుగుల మట్టానికి వస్తుంది. దాని అడుగున మునిగిన ఊళ్ల గోడలు, చెట్ల మొద్దులు, జాలర్ల వలలు ఉన్నాయి. వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడుతుంది కదా, అట్లాగే బయటపడనివి ఎన్నో ఉన్నాయి. ఒండ్రు నీళ్లలో చెయ్యి చాచినంత దూరం కనబడదు. ఆ ఒండ్రే కృష్ణా గోదావరుల వెంట సముద్రంలో కలిసి మన కోస్తా నీళ్లను కలక చేస్తుంది. పగడాలకు తేట నీళ్లు కావాలి. వాటి ఒంట్లో బతికే సూక్ష్మమైన నాచుకు ఎండ తగిలితేనే వాటికి తిండి. పెద్ద నదులు లేని అండమాన్‌లో అవి అంత అందంగా పెరగడానికి కారణం అదే. మన చట్టం పగడాలకు పులితో సమానంగా రక్షణ ఇచ్చింది. వాటి మీద నిలబడకండి, ముక్క విరవకండి. స్కూటర్ పంకా లేపే ఇసుక వాటి మీద పడితే ఊపిరాడక చస్తాయి కాబట్టి దూరంగా నడపండి.

ఈ కబుర్లన్నీ సముద్రానికి పోయే పిల్లల కోసమే కాదు. కృష్ణా నీళ్లు కాలువల్లో మన ఊళ్లకు వస్తున్నాయి, పొలాల్లో నీటికుంటలు తవ్వుకుంటున్నాం. మోటబావులు పూడిపోయాయి, వాటితోపాటు పిల్లలకు ఈత నేర్పే అలవాటూ పోయింది. సిమెంటు కాలువ గోడ ఏటవాలుగా, నున్నగా ఉంటుంది. ఒకసారి జారితే పట్టు దొరకదు. కుంటలో పరిచిన ప్లాస్టిక్ పట్టా మీదా అంతే. మీ పిల్లలకు ముందు ఈత నేర్పించండి, పక్కన పెద్దలు నిలబడి, బెండో జాకెట్టో కట్టి నేర్పించండి. ఎవరైనా మునుగుతుంటే వెంటపడి దూకకుండా తాడు, కర్ర, ఖాళీ డబ్బా విసరాలని చెప్పండి. చెవి నొప్పి, ఊపిరి బాధ, అలుపు చెప్పే మాట వినడం ఇంటి దగ్గరి నీళ్లలోనే అలవాటైతే, అండమాన్ నీళ్లలోనూ వాళ్లు అదే పని చేస్తారు.